మొదటి నాలుగు సెకన్లు

చిన్న డీజిల్ కారు, అదీ పాతది, కొనాలా వద్దా అని అడగడానికి వచ్చేవాళ్ళను నేను ముందు తిడతాను, ఆ తరువాతే కూర్చోమంటాను. తిట్టక ఏం చేయమంటారు? పదిమంది వస్తే తొమ్మిదిమందికి డీజిల్ బండి అవసరమే ఉండదు. ఇంటి నుంచి కొట్టుకీ, కొట్టు నుంచి ఇంటికీ తిరిగేవాడికి డీజిల్ ఎందుకండీ? పొగగొట్టంలో మసిని ఆపే జల్లెడ ఒకటి ఉంటుంది. ఇంజను బాగా వేడెక్కి అరగంటసేపు ఆగకుండా పరిగెడితేనే ఆ మసి కాలి, జల్లెడ శుభ్రపడుతుంది. రోజూ నాలుగు వీధులు తిప్పి ఆపేస్తే పూడుకుపోతుంది. అప్పుడు నా దగ్గరికొచ్చి "మేస్త్రీ, బండి లాగడం లేదు" అని ఏడుస్తారు. లాగదు మరి. ముక్కు మూసి పరిగెత్తమంటే నువ్వు పరిగెడతావా?

ముక్కు మీద కోపం అంటారు చూడండి, నాది అది. అయినా జనం వచ్చేవాళ్ళు. తిట్లు తిని కూడా వచ్చేవాళ్ళు. ఎందుకంటే నేను చెవి మేస్త్రిని. ముప్పై ఆరేళ్ళుగా ఒకటే షెడ్డు, ఒకటే పని. బండి వీధి మలుపు తిరిగి నా ముందుకు వచ్చేలోపే దాని రోగమేమిటో చెప్పేసేవాణ్ణి. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి ఆనించుకుని, మూడో సిలిండరు ఇంజెక్టరు సరిగా కొట్టడం లేదని నేను చెబితే, విప్పి చూసినవాళ్ళు నోరు వెళ్ళబెట్టేవాళ్ళు. ఇందులో గొప్పేమీ లేదని నేను అనను. గొప్పే. నాకున్న గొప్ప అదొక్కటే.

అది ఏడాదిన్నర కిందట పోయింది. ఎవరికీ చెప్పలేదు.

ఒకరోజు షెడ్డులోకి ఒక టాక్సీ వచ్చింది. దాని ఫ్యాన్ బెల్టు కీచుమని అరుస్తోందట. 'అట' అని ఎందుకంటున్నానంటే, నాకు వినిపించలేదు. ఎదురు కొట్టులో దర్జీ మిషను ఆపి చెవులు మూసుకున్నాడు. మా బామ్మర్ది మొహం చిట్లించాడు. నేను మాత్రం డ్రైవరు దగ్గరికెళ్ళి "ఏంటి బాబూ, ఏమైంది?" అని అడిగాను. నేను వేళాకోళమాడుతున్నాననుకుని అతను పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను.

మావాళ్ళెవరికీ తెలియకూడదని రెండు ఊళ్ళ అవతల ఉన్న చెవుల డాక్టరు దగ్గరికి బస్సులో వెళ్ళాను. గాజు తలుపున్న చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకేవో తగిలించి, చేతికొక మీట ఇచ్చారు. శబ్దం వినిపించగానే నొక్కమన్నారు. మొదట కొన్నిసార్లు నొక్కాను. ఆ తరువాత చాలాసేపు ఏమీ రాలేదు. అద్దం అవతల ఉన్న అమ్మాయితో "రెండో పరీక్ష ఎప్పుడు మొదలుపెడతారమ్మా?" అన్నాను. ఆ పిల్ల నావైపు జాలిగా చూసి "అయిపోయిందండీ" అంది.

లావు శబ్దాలు బాగానే ఉన్నాయట. సన్న శబ్దాలు, ఇనుము ఇనుముకి తగిలే శబ్దాలు పోయాయట. ఇన్నేళ్ళు ఆ చప్పుళ్ళ మధ్యే బతికారు కదా, అరిగిపోయాయి అన్నాడు డాక్టరు. చెవిలో మిషను పెట్టుకోమన్నాడు. చెవి మేస్త్రి చెవిలో మిషనా! ఊళ్ళో తలెత్తుకు తిరగగలనా? ఆయనిచ్చిన కాగితాన్ని బస్సులోనే ముక్కలు చేసి కిటికీలోంచి పారేశాను.

ఇంట్లో గడిచిపోయింది. మా ఆవిడకి అనుమానమే రాలేదు. "నేను పిలిస్తే పలకడం ఆయన పెళ్ళైన కొత్తలోనే మానేశారు, ఇప్పుడు కాస్త శ్రద్ధగా మానేశారు, అంతే" అని ఎదురింటావిడతో అంటూ ఉండేది. షెడ్డులో గడపడానికే ఒక ఎత్తు వేయాల్సి వచ్చింది. మా బామ్మర్ది ఇరవై ఏళ్ళుగా నా దగ్గరే పనిచేస్తున్నాడు. బండి రాగానే వాణ్ణి ముందుకు తోసి "ఏరా, ఏం వినిపిస్తోంది? చెప్పు చూద్దాం" అనేవాణ్ణి.

"ఈ వయసులో నాకీ పరీక్షలేంటి బావా?" అని గునిసేవాడు.

"రేపు నేను పోతే షెడ్డు నువ్వు నడపాలా, వద్దా?"

వాడు చెవి పెట్టి విని, వాల్వు కొట్టుకుంటోందనో, బేరింగు పోయిందనో చెప్పేవాడు. నేను గడ్డం గోక్కుని "ఊఁ, పరవాలేదు, బాగుపడుతున్నావు" అనేవాణ్ణి. వాడి మొహం వెలిగిపోయేది. వాడి చెవులతో నేను నా పేరు నిలబెట్టుకుంటున్నానని వాడికి తెలియదు. సిగ్గుగా ఉండేది. సిగ్గుపడుతూనే సాగించాను.

ఇలా ఉండగా మా అమ్మాయి వచ్చింది. మాకు ఒక్కతే. నర్సు. ముప్పై ఏళ్ళు నిండాయి, ఊరికి అటు చివర తనకంటూ చిన్న ఇల్లు అద్దెకు తీసుకుని ఉంటుంది. ఐదేళ్ళుగా ఆస్పత్రుల్లో తాత్కాలికపు డ్యూటీలు చేసి చేసి విసిగిపోయింది. ఇవాళ రమ్మంటారు, రేపు వద్దంటారు. ఆ రోజు మాత్రం చెప్పులైనా విప్పకుండా లోపలికి వచ్చేసింది.

"నాన్నా, పర్మనెంటు పోస్టు! కొండ మీద పల్లెలు లేవూ, మంచం మీదున్న పెద్దవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి కట్లు మార్చడం, ఇంజెక్షన్లు ఇవ్వడం. మూడు నెలలు చూస్తారట, బాగా చేస్తే ఇక అదే నా ఉద్యోగం."

"మరి ఇంకేం?"

"సొంత బండి ఉండాలి. బస్సు రోజుకొకటే. ఒక్కరోజు వెళ్ళకపోయినా వాళ్ళకి ఇంజెక్షన్ ఉండదు కదా, అందుకని బండి ఆగిందంటే పోస్టు ఇంకొకరికి ఇచ్చేస్తామని ముందే చెప్పారు. లైన్లో ఇంకో అమ్మాయి ఉంది కూడా."

రోజుకెంత దూరమని అడిగాను. రానూపోనూ తొంభై కిలోమీటర్లు, సగం ఎక్కుడు దారి. నా జీవితంలో మొదటిసారి, తిట్టకుండా "నీకు డీజిలే కరెక్టు తల్లీ" అన్నాను. ఎక్కుడులో లాగుతుంది, ఇంధనం తక్కువ తాగుతుంది, అంత దూరం పరిగెడితే జల్లెడలో మసి దానంతటదే కాలిపోతుంది. పాతదైనా సరే, ఒంట్లో బాగున్న బండి దొరికితే పదేళ్ళు ఢోకా ఉండదు. ఒంట్లో బాగున్నదో లేదో చూసేవాడు ఇంట్లోనే ఉన్నాడుగా అని మా ఆవిడ అంది. మా అమ్మాయి నా భుజం పట్టుకుని ఊపేసింది. నేను టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

రెండు వారాల్లో ఒక బండి తగిలింది. రిటైరైన లెక్కల టీచరుది. చూపు మందగించి నడపడం మానేశారట. "నేనూ వస్తాను బావా" అన్నాడు బామ్మర్ది. వద్దన్నాను. సొంత కూతురి బండి చూడడానికి నాకు తోడెందుకురా అని కసిరాను. వాణ్ణి తీసుకెళ్ళి ఉంటే ఈ కథే లేదు.

టీచరమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది. "మీరు ఫోన్లో చెప్పినట్టే మేస్త్రి గారూ, మూడు రోజులుగా దాన్ని ముట్టుకోలేదు" అంది. బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది. డీజిల్ బండిని చల్లగా ఉన్నప్పుడే వినాలి. కొంతమంది అమ్మేవాళ్ళు మనం వెళ్ళేలోపే ఒక చుట్టు తిప్పి వేడి చేసి ఉంచుతారు. వేడెక్కిన ఇంజను ఎన్ని రోగాలనైనా దాచేస్తుంది. ఈవిడ అలాంటి మనిషి కాదు.

అన్నీ చూశాను. ఆయిలు రంగు చూశాను, వేలికి రాసుకుని రుద్ది చూశాను. రేడియేటరు నీళ్ళు, టైర్లు, గొట్టాలు చూశాను. బండి కిందకి దూరి తుప్పు కోసం గోకి చూశాను. ఎక్కడా వంక లేదు. టీచరమ్మ సర్వీసు కాగితాలన్నీ తారీఖుల వరసలో ఫైలు చేసి పెట్టింది. మా అమ్మాయి మొహంలో సంతోషం దాచుకుందామన్నా దాగడం లేదు.

మిగిలింది వినడం. రాత్రంతా నిలిచి ఉన్న ఇంజనులో ఆయిలు కిందకి దిగిపోతుంది. స్టార్టు చేశాక అది పైదాకా ఎక్కడానికి మూడు నాలుగు సెకన్లు పడుతుంది. లోపల టైమింగ్ చైన్ అని ఒక గొలుసు ఉంటుంది, ఇంజనులో పైభాగాన్నీ కిందభాగాన్నీ కలిపి తిప్పేది అదే. అది సాగిపోయి వదులైతే ఆ నాలుగు సెకన్లూ గలగలమంటుంది. ఆయిలు అందగానే నోరు మూసుకుంటుంది. ఇక రోజంతా ఎంత తిప్పినా బయటపడదు. ఒకరోజు తెగుతుందో, చక్రం పళ్ళ మీంచి జారుతుందో, అంతటితో ఇంజను ఖతం.

"తాళం తిప్పమ్మా" అన్నాను. తిప్పింది.

నాకు గుడగుడమని లావు చప్పుడు వినిపించింది. మంచి నిండైన చప్పుడు. దానిమీద ఇంకేమైనా ఉందో లేదో నాకు తెలియలేదు. అరచెయ్యి ఇంజను మూత మీద పెట్టాను. వణుకుతోంది. చల్లటి డీజిల్ ఇంజను ఏదైనా అలాగే వణుకుతుంది. తలెత్తి చూస్తే కిటికీలోంచి మా అమ్మాయి నన్నే చూస్తోంది. తల కొంచెం పక్కకి వంచి, కనుబొమలు ముడిచి, నా నోటివైపే చూస్తోంది. తీర్పు కోసం ఎదురుచూస్తోందనుకున్నాను.

అడగవచ్చు. "ఏమ్మా, ఏం వినిపించింది? చెప్పు చూద్దాం" అని ఒక్క మాట. బామ్మర్దిని రోజుకి పదిసార్లు అడిగే మాటే. మా అమ్మాయి పుట్టింది ఇంట్లోనే గాని పెరిగింది షెడ్డులో. బడి నుంచి వచ్చి ఖాళీ డబ్బా మీద కూర్చుని, వచ్చిన ప్రతి బండి చప్పుడూ నాకంటే ముందు చెప్పాలని పోటీ పడేది. నిజానికి నేను చెవితో చూడడం నేర్పింది దానికొక్కదానికే. అందుకే అడగలేకపోయాను. బామ్మర్దిని బోల్తా కొట్టించవచ్చు, దాన్ని కొట్టించలేను. నేను అడిగిన తీరులోనే పట్టేస్తుంది. ఆ పరాయి గేటు ముందు, ఆ టీచరమ్మ ఎదుట, వాళ్ళ నాన్నకి చెవుడొచ్చిందని దానికి తెలియడం నాకిష్టం లేకపోయింది. అంతే. చెప్పుకోవడానికి ఇంతకంటే మంచి కారణమేదీ లేదు.

"బంగారం. కళ్ళు మూసుకుని తీసుకో" అన్నాను.

అది వెంటనే నవ్వలేదు. "నిజంగానా నాన్నా?" అంది.

నాకు చర్రుమని కోపం వచ్చింది. తప్పు చేసినవాడికి వచ్చే కోపం వేరే ఉంటుంది. "ఏం, నా చెవి మీద నమ్మకం లేదా?" అని గద్దించాను.

"నీ చెవి మీద లేకపోతే ఇంకెవరి మీద ఉంటుంది?" అని అప్పుడు నవ్వింది. టీచరమ్మతో బేరం మాట్లాడుకుని, ఆ సాయంత్రమే బండి ఇంటికి తెచ్చేసుకుంది.

తరువాత పది వారాలు మా ఇంట్లో పండగే అనుకోండి. ఆదివారమొస్తే బండేసుకుని వచ్చి కొండ మీది కబుర్లు చెప్పేది. ఒక ముసలావిడ సూది చూడగానే చచ్చిపోయినట్టు నటిస్తుందట. చివరి పల్లెలో ఒక వడ్రంగి తాతకి కాలి మీద పుండు, రెండేళ్ళుగా మానలేదు, ఇప్పుడు రోజురోజుకీ చిన్నదవుతోందట. ఇంకో పది రోజుల్లో మూసుకుపోతుందని, ఆ తాతకంటే ఇదే ఎక్కువ సంబరపడేది. మా ఇంటికి వచ్చేసరికి బండి వేడిగా ఉండేది. బామ్మర్ది బానెట్ ఎత్తి విని "భలే బండి పట్టావు బావా" అనేవాడు. ఆ మాట విని నేను కూడా నమ్మేశాను. వినకుండానే సరిగ్గా చెప్పానని, ఇన్నేళ్ళ అనుభవం ఊరికే పోదని, నాలో నేను మురిసిపోయాను.

పదకొండో వారం, ఒక బుధవారం పొద్దున్న ఫోను వచ్చింది. ఎక్కుడు దారి మధ్యలో పెద్ద చప్పుడు చేసి బండి ఆగిపోయిందట. ఎంత తిప్పినా ఉలుకూ పలుకూ లేదట. బండిని తాడుకట్టి షెడ్డుకి లాక్కొచ్చేసరికి మధ్యాహ్నమైంది. మా అమ్మాయి అటు నుంచి అటే దారిన పోయే లారీ ఎక్కి మొదటి రెండు పల్లెలూ చూసుకుంది. మిగతా పల్లెలకి వెళ్ళలేకపోయింది. చివరి పల్లె వడ్రంగి తాత దగ్గరికీ వెళ్ళలేకపోయింది.

మరునాడు ఇంజను విప్పాను. నాతోపాటు బామ్మర్ది. మూత తీయగానే తెలిసిపోయింది. గొలుసు ఎంత సాగిపోయిందంటే వేలితో ఎత్తితే పక్కనున్న ఇంజను లోపలి గోడకి తగులుతోంది. గోడంతా అది రాసుకుని రాసుకుని మెరుస్తున్న గాడి. నిన్నామొన్నటి గాడి కాదది. పళ్ళ మీంచి జారి, వాల్వులన్నీ పిస్టన్లకి కొట్టుకుని వంగిపోయాయి. బాగుచేయడానికి ఏమీ మిగల్లేదు.

బామ్మర్ది ఆ గాడిని గోటితో గీకి చూశాడు. చివరికి మెల్లగా "బావా, ఇది కొన్ననాడే మోగి ఉండాలే" అన్నాడు.

నేను చేతులు తుడుచుకుంటూ ఉండిపోయాను.

శుక్రవారం మా అమ్మాయి షెడ్డుకి వచ్చింది. ఆఫీసువాళ్ళు సోమవారం నుంచి ఆ రెండో అమ్మాయిని వేసుకున్నారట. వాళ్ళ తప్పేం లేదు, ముందే చెప్పారు కదా అంది. వడ్రంగి తాతకి కట్టు ఎలా కట్టాలో కొత్తమ్మాయికి కాగితం మీద రాసిచ్చి వచ్చానంది. ఏడవలేదు. ఏడిస్తే నాకు తేలికగా ఉండేదేమో. విప్పిన ఇంజను పక్కన వంగి, గోడ మీది గాడిని వేలితో తడిమింది.

"నాకు వినిపించింది నాన్నా" అంది.

"ఏది?"

"గొలుసు. ఆ రోజు టీచరమ్మ వాళ్ళింటి దగ్గర. పైనుంచి గలగలమంది, మూడు నాలుగు సెకన్లు. నీకు చెప్దామని నీవైపు చూశా. నువ్వు బంగారం అన్నావు."

నేను చేతిలో ఉన్న గుడ్డ కింద పెట్టాను.

"రోజూ పొద్దున్నే వినిపించేది. పోనుపోను ఎక్కువైంది. ఎన్నిసార్లు నీకు ఫోన్ చేద్దామనుకున్నానో! మళ్ళీ అనుకునేదాన్ని, నాన్న విన్నాడు, నాన్న బాగుందన్నాడు, నాకే చాదస్తం అని. చివరికి తాళం తిప్పే ముందు ఫోన్లో పాటలు గట్టిగా పెట్టుకునేదాన్ని, ఆ చప్పుడు వినపడకుండా. నా చెవే పాడైందనుకున్నా నాన్నా."

అప్పుడు చెప్పాను. చెప్పక తప్పింది కాదు. "నీ చెవికేం కాలేదమ్మా. నాదే పోయింది. ఏడాదైంది."

అది నావైపు తిరిగింది. బామ్మర్ది చేతిలో పానా అలాగే పట్టుకుని నిలబడిపోయాడు.

"అంటే ఆ రోజు నీకు వినపడలేదా?"

"లేదు."

"వినకుండానే బంగారం అన్నావా?"

"అన్నాను."

"నన్ను ఒక్క మాట అడిగుంటే చెప్పేదాన్ని కదా నాన్నా."

"సిగ్గేసింది తల్లీ" అన్నాను. ఎంత చిన్న మాట! ఆ మాట బయటికి వచ్చాక ఇంకా చిన్నదిగా ఉంది. దాని ఉద్యోగం, ఐదేళ్ళ ఎదురుచూపు, ఆ ముసలాళ్ళు, అన్నీ ఒకవైపు పెట్టి, రెండోవైపు నా సిగ్గొక్కటీ పెట్టి నేను తూచాను. నా సిగ్గే బరువనుకున్నాను.

అది తిట్టలేదు. నా కోపం పుణికిపుచ్చుకున్న పిల్ల, తిడుతుందనుకున్నాను, తిట్టాలనే కోరుకున్నాను. లేచి, గోడకి తగిలించిన తన సంచీ కోసం నా వెనక్కి వెళ్ళింది. నేను బల్ల మీది వంగిన వాల్వులను చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి ఎందుకో తలెత్తితే ఎదురుగా బామ్మర్ది కనిపించాడు. నా భుజం మీంచి వెనక్కి చూస్తున్నాడు. వాడి కళ్ళు నిండిపోయాయి. గబుక్కున తల దించేసుకున్నాడు. అప్పుడు తెలిసింది, నా వెనక నిలబడి మా అమ్మాయి నాతో ఏదో చెబుతోందని.

ముందుకొచ్చి నా మొహంలోకి చూసింది. "ఏమన్నాను నాన్నా?" అంది.

ఏడాదిగా ఇలాంటప్పుడు ఏదో ఒకటి ఊహించి, ఊఁ కొట్టి, నవ్వేసి గట్టెక్కుతున్నాను. ఆ రోజు చేతకాలేదు.

"వినపడలేదమ్మా" అన్నాను.

"ఏం లేదులే" అని సంచీ భుజానికి తగిలించుకుని బస్సు కోసం వెళ్ళిపోయింది.

ఇది జరిగి నాలుగు నెలలు. ఏమందో బామ్మర్దిని అడిగితే చెబుతాడు. అడిగే ధైర్యం నాకింకా రాలేదు.